సీసాల చాచా నోటీసు

మొన్న నల్లగొండల ఒక సభ ఉన్నదని పిలిస్తే పోయిన. పర్యావరణ చట్టాల మీద సభ. ఏసీ గది, మెత్తటి కుర్చీలు, మనిషికొక నీళ్ల సీసా. సూటు తొడుక్కున్న ఒకాయన మైకు పట్టుకొని, మన పల్లెటూరి జనానికి చట్టమంటే ఏందో తెల్వదు, వాళ్లకు మనమే నేర్పాలె అని గంటసేపు చెప్పిండు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి నాలుగు మాటలు అందామనుకున్న. గంతల చేతిల సీసా ఖాళీ అయింది. నాకే తెల్వకుండ దాన్ని ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూసిన. పక్క కుర్చీల కూసున్న ఆమె నన్ను అదోతీరుగ చూసి జర దూరం జరిగింది.

ఖాళీ సీసా వాసన చూసే అలవాటు నాది కాదు. సీసాల చాచాది. ఆయన పోయి చాన ఏండ్లయింది. గా సభల యాదికి రాంగనే నా కోపం ఎటు పోయిందో పోయింది. సభ అయ్యేదాక ఒక్కణ్నే నవ్వుకుంట కూసున్న.

ఆయన పేరు రాయను. పేరుతోని పిలిచినోళ్లను నేనెన్నడు చూడలే. చుట్టుపక్కల ఊర్లన్నిటికీ ఆయన సీసాల చాచానే. నార్కట్‌పల్లిల హైవే పక్కకు రేకుల కొట్టం. మోటు సైకిలు, దాని వెనుక రెండు గోనెసంచులు, హ్యాండిలుకు తక్కెడ. ఊర్లకు వచ్చి ‘సీసాలూ… పాత సామాన్, చిత్తు కాయితాల్’ అని కేక పెడ్తే, కేక ఆగేలోపల పిల్లలంత సైకిలు చుట్టు ఉండేటోళ్లు. పాత సామాను ఇచ్చినోళ్లకు బదులు పుట్నాలు పోసేటోడు. ఏమీ ఇయ్యనోళ్లకు గూడ పిడికెడు పోసేటోడు. రేపు ఇస్తరు తీ అనేటోడు.

సీసా చేతికియ్యంగనే మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేటోడు. కండ్లు మూసుకునేటోడు. ఊరంత కథ వినెతందుకు నిలబడేది. ఇది ఆముదం, గని నెత్తికి పెట్టింది కాదు, బండి ఇరుసుకు పెట్టింది. ఇది దగ్గుమందు, గని దగ్గు ఉన్నోడు తాగలే, దగ్గు లేనోడు తాగిండు. ఆ మాటతోని మా ఊర్ల ఒక ఇంట్ల మొగుడూ పెండ్లాల మధ్య వారం రోజులు పంచాయితీ నడిచింది.

ఆడోళ్లు తట్టల చెత్త తెచ్చి బాట మీద కుమ్మరిస్తుంటే సైకిలు దిగి నిలబడేటోడు. తిట్టేటోడు కాదు. “పారేసుడు అనేది దునియాల లేదక్కా. నీ వాకిట్ల నుంచి తీసి ఇంకొకని వాకిట్ల పెడ్తవ్, గంతే” అనేటోడు. పెద్ద పెద్ద పుస్తకాలు తర్వాత చాన చదివిన. గింత చిన్నగ, గింత సీదాగ గా సంగతి చెప్పిన పుస్తకం నాకు దొరకలే.

నేను రెండో తరగతి దాటలే. చదువు నేర్చింది ఆయన కొట్టంల, చిత్తు కాయితాల కుప్ప మీద. కాయితం ఏదైన సరే, తాను చదవకుండ పొట్లానికి వెయ్యకపోయేది. ఉర్దూ అయితే పాడుకుంట చదివేటోడు, తెలుగు అయితే వేలు పెట్టి చదివేటోడు. ఇంగ్లీషు అయితే అక్షరం అక్షరం కూడబలికి, అర్థంగాని మాట చిట్టీ మీద రాసుకొని, నల్లగొండ పోయిన నాడు కోర్టు బయట టైపు కొట్టేటాయన్ని అడిగి వచ్చేటోడు. నాకు సగం సగం పుస్తకాలు ఇచ్చేటోడు. నాకు తెలిసిన కథలల్ల సగానికి మొదలు లేదు, మిగిలిన సగానికి చివర లేదు.

ఒకసారి నల్లగొండల ఎవరో వకీలు చనిపోతే, ఆయన కొడుకులు చట్టాల పుస్తకాలన్ని కిలోల లెక్క అమ్మిండ్రు. చాచా వాటిని మళ్ల అమ్మలే. సీసాల మీది అటక మీద పేర్చిండు. తర్వాత వచ్చిన కొత్త చట్టాలు గూడ గెజిట్ల రూపంల ఆయన దగ్గరికే వచ్చి చేరేటివి. సర్కారు దఫ్తర్లల్ల వాటిని చదివేటోళ్ల కంటె తూకానికి అమ్మేటోళ్లే ఎక్కువ మరి. అన్నిట్ల ఆయనకు మస్తు ఇష్టమైంది నీళ్ల కాలుష్యం మీది చట్టం. దాన్ని ఇంగ్లీషుల ఎన్నిసార్లు చదివిండో, అట్ట మీది రంగు వేళ్లకు అంటింది.

ఎనభైల చివర్ల మా ఊరి పైభాగాన మందుల పొడి తయారుజేసే ఫ్యాక్టరీ ఒకటి వచ్చింది. దానికీ మా ఊరికీ నడుమ ఒక వాగు. వాగు ఒడ్డుకు నా బాయి. బాయి కింద ఎకరన్నర వరి. ఏడాది తిరగకముందే వాగు నీళ్లు చాయ రంగుకు తిరిగినయి. పొద్దుగాల చూస్తే సబ్బు నురుగు. చేపలు వెల్లకిల తేలినయి. బర్రె నీళ్ల దాక పోయి, మూతి పెట్టి, తుమ్మి వెనక్కి తిరిగింది. చివరికి బాయిల నీళ్లకు గూడ గా రంగు దిగింది. మా దిక్కు బాయి పోయిన ఇంటికి బొంబాయి బస్సే దిక్కు. పోయినోళ్లు ఎట్ల తిరిగొచ్చిండ్రో చూసినోణ్ని. నాకు నిద్ర పట్టకపోయేది.

చాచా నీళ్ల కాలుష్యం సంగతి చూసే సర్కారు బోర్డుకు అర్జీ రాసిండు. హైదరాబాదు నుంచి పెద్దసారు వచ్చి చూస్తడని కబురొచ్చింది.

ఇగ మా ఊరోళ్లు చేసిన పని చెప్తె నమ్మరు. ముందుండి చేయించింది మా అమ్మ. ఊరి మీదికి పెద్దసారు వస్తుంటే గా గలీజు ముంగట పెడ్తమా, ఊరి ఇజ్జత్ ఏం గావాలె అన్నది. ఆడోళ్లు చీపుర్లు పట్టుకొని వాగుల నురుగు తోసిండ్రు. చచ్చిన చేపలను గంపలకు ఎత్తిండ్రు. పై బాయిలోళ్లు మూడు మోటర్ల నీళ్లు రాత్రంత వాగులకు తిప్పిండ్రు. నేను గూడ, సిగ్గు విడిచి చెప్తున్న, రెండు గంపల చేపలు మోసి దూరంగ పారేసిన. కల్వర్టు మీద సాన్పు చల్లి ముగ్గు వేసిండ్రు. సారు వచ్చిండు. మంచి మనిషి. వాగు చూసిండు, ముగ్గు చూసిండు, సల్ల తాగిండు, నీళ్లు తేటగ ఉన్నయని పుస్తకంల రాసుకొని పోయిండు. కండ్ల ముంగట ఉన్నది రాసిండు, ఆయన తప్పేమున్నది.

చాచా సైకిలు గొలుసు తెగి, జీపు పోయినంక వచ్చిండు. తేటనీళ్లు చూసిండు. ముగ్గు చూసిండు. సంగతి నేను చెప్తుంటే, ఉన్న కాడనే నేల మీద కూలబడి నవ్విండు. టోపీ కింద పడ్డది. కండ్లల్ల నీళ్లు కారినయి. నా కడుపు మండుతుంటే గీ మనిషికి నవ్వెట్ల వస్తున్నదని నాకు ఇంకా మండింది.

“అక్కా,” అన్నడు మా అమ్మతోని, “దవాఖానకు పోయేముందు పుండు కడిగి పౌడరు కొట్టుకొని పోతవా?”

మా అమ్మ ఊకునే మనిషి కాదు. “పిల్లను చూడవచ్చిన నాడు చీమిడి ముక్కుతోని కూసోబెడ్తరా సాయబూ?” అన్నది.

చాచా గా మాట గూడ నిజమే అని, సంచిల చెయ్యి పెట్టి ఆమె కొంగుల రెండు దోసిళ్ల పుట్నాలు పోసిండు.

నేను ఆగలే. వారం దినాలకు వాగు మళ్ల చాయ రంగుకు రాంగనే ఒక సీసాల నీళ్లు నింపుకొని, హైదరాబాదు పోయి సారు బల్ల మీద పెడ్త అని బయలుదేరిన. నార్కట్‌పల్లిల బస్సు ఎక్కబోతుంటే చాచా సీసా గుంజుకున్నడు. నువ్వు తీస్కపోయింది చెల్లదు అన్నడు. మా నీళ్లు మేం తీస్కపోతే చెల్లదా, గదేం చట్టం అని రోడ్డు మీద మొత్తుకున్న.

“నువ్వు నీ ఎద్దు ఉచ్చ పట్టి తెచ్చినవని ఫ్యాక్టరోడు అంటే ఏమంటవ్?” అన్నడు.

నన్ను కొట్టంల కూసోబెట్టి చెప్పిండు. “నువ్వూ మీ అన్నా పొలం ఎట్ల పంచుకున్నరు? పెద్దోడు రెండు పాళ్లు చేసిండు, చిన్నోడివి నువ్వు ముందుగ కోరుకున్నవ్. గందుకే గీనాటి దాక కొట్లాట లేదు. గిదీ గంతే. సారు వచ్చి ఫ్యాక్టరోని ముంగటనే నీళ్లు తియ్యాలె. రెండు పాళ్లు జెయ్యాలె. లక్క పెట్టి సీలు వెయ్యాలె. రెండింటి మీద ఇద్దరూ దస్కతు పెట్టాలె. అవతలోనికి గూడ ఇన్సాఫ్, న్యాయం ఉంటేనే అది చట్టం బేటా. ఒక్కదిక్కే ఉంటే కొట్లాట.”

ఇంకో సంగతి గూడ చూపెట్టిండు. బోర్డుకు అరవై రోజుల ముందు నోటీసు ఇచ్చి, అప్పటికీ కదలకుంటే, ఎవరైనా సరే సీదా కోర్టుకు పోవచ్చు. గా ‘ఎవరైనా’ అన్న మాట కింద ఆయన ఎర్ర పెన్సిలుతోని గీత గీసి పెట్టుకున్నడు. ఊర్ల గా నోటీసు మీద దస్కతు పెట్టెతందుకు ఎవ్వరూ ముందుకు రాలే. చానమంది పిల్లలు గదే ఫ్యాక్టరీల కూలికి పోతున్నరు, వాళ్లను నేను తప్పు పట్ట. నేను పెట్టిన, నా కింద చాచా పెట్టిండు. తర్వాత ఫ్యాక్టరీ మనిషి ఒకడు కొట్టానికి వచ్చి, నీకు ఆ ఊర్ల గుంట భూమి లేదు, బాయి లేదు, నీకేం పని అని అడిగిండట. చాచా దాన్ని చెప్పుకుంట మురిసిపోయిండు. పట్టా ఉన్నోడు అని చట్టంల లేదు గదా, ఎవరైనా అంటే నేను గూడ వస్త అని ఆయనకు చాయ తాపి పంపిండట.

గా రోజులు తల్చుకుంటే ఇప్పటికీ నవ్వొస్తది. సారు మళ్ల వచ్చేదాక ఊరంత గలీజును కాపలా కాసినం. చాచా వారానికొకసారి వచ్చి, మా ఇంటి ముంగట సైకిలు ఆపి, మంచీచెడ్డ అడగకముందే, “అక్కా, గలీజు పైలమా?” అనేటోడు. పైలంగనే ఉన్నది, తీస్కపోయి నీ కొట్టంల పెట్టుకో అనేది మా అమ్మ. ఆమెకు అది శిక్షనే. ఒకనాడు అలవాటు మీద చీపురు పట్టుకొని వాగు దాక పోయి, యాదికొచ్చి, తనను తానే తిట్టుకుంట వచ్చింది.

గడువు దాటకముందే జీపు వచ్చింది. అదే సారు. ఈసారి ఫ్యాక్టరీ గోడ బయట, పైపు వాగులకు దిగే కాడ అందరం నిలబడ్డం. తెల్ల అంగీ తొడుక్కొని ఫ్యాక్టరీ మేనేజరు గూడ వచ్చిండు. చూస్తే పైపు ఎండి ఉన్నది. మూతి శుభ్రంగ కడిగి ఉన్నది. అటిటు సున్నం గీతలు, పూలకుండీలు.

చాచా మా అమ్మ దిక్కు వంగి, గీళ్లకు గూడ నీ అసొంటి అమ్మ ఒకామె ఉన్నట్టున్నది అక్కా అన్నడు. మా అమ్మ కొంగు నోట్లె కుక్కుకున్నది. నాకు మాత్రం నవ్వు రాలే. ఈసారి గూడ తేటగ ఉన్నదని రాసుకొని పోతే నా బాయి పని అయిపోయినట్టే.

సారు జీపు దిక్కు తిరిగిండు. చాచా అడ్డం పోలే, చేతులు జోడియ్యలే. “జర కూసోండ్రి సార్. ఉగ్గబట్టుకున్నోడు ఎంతసేపు ఉగ్గబడ్తడు” అన్నడు.

సారు పైపు దిక్కు చూసిండు, మేనేజరు దిక్కు చూసిండు, వచ్చిన నవ్వు ఆపుకొని యాపచెట్టు కింద కూసున్నడు. మా అమ్మ జొన్నరొట్టెలు, పచ్చిపులుసు తెప్పించింది. మేనేజరు వద్దంటుంటే, తినే కాడ పగ ఉండదు బిడ్డా అని ఆయనకు గూడ పెట్టింది. ఆయన మొదటి రొట్టె మొగమాటానికి తిన్నడు, రెండోది అడిగి తిన్నడు. పొద్దు వాలింది. లోపల కూలోళ్ల డ్యూటీ మారే సైరను కూసింది. కొంచెం సేపటికి పైపు కడుపుల గుడగుడమన్నది. తర్వాత వచ్చింది చూడు, చిక్కటి చాయ, పొగలు కక్కుకుంట.

సారు జీపుల పెట్టె తెరిచిండు. మా బాట పుణ్యాన రెండు సీసాలల్ల ఒకటి పగిలి ఉన్నది. ఒక్క సీసాతోని రెండు పాళ్లు కావు. చాచా సంచిల నుంచి ఒక సీసా తీసిండు. మేనేజరు అడ్డం వచ్చిండు. కబాడీ సీసా అయితే తాను దస్కతు పెట్టనన్నడు, దాంట్ల ముందే ఏముండెనో ఎవరికి ఎరుక అన్నడు. నాకు కోపం నషాళానికి అంటింది. చాచా మొఖం మాత్రం వెలిగింది.

“ఇన్సాఫ్ మాట అన్నరు సార్. మరి మీరే కడగండ్రి.”

సారు గూడ గదే మేలన్నడు. ఫ్యాక్టరీ క్యాంటీను నుంచి సలసల కాగే నీళ్లు తెచ్చిండ్రు. మేనేజరు అంగీ చేతులు మడిచి కూసున్నడు. చాచా ఆయన పక్కన గొంతుకు కూసొని, మెడ లోపల సార్, అడుగున సార్, గక్కడనే దాగుంటది అని ఆపకుండ చెప్పిండు. మూడుసార్లు కడిగినంక మేనేజరు సీసా ఎత్తి, ఏదో ఆలోచనల, ముక్కు దగ్గర పెట్టుకున్నడు. అందరం ఘొల్లున నవ్వినం. ఆయన గూడ నవ్విండు. నవ్విన మనిషి ఇగ దస్కతు పెట్టనంటడా. రెండు పాళ్లు నింపిండ్రు, లక్క కరిగించి సీలు వేసిండ్రు, ఇద్దరూ సంతకాలు పెట్టిండ్రు. సాక్షిగ నువ్వు గూడ పెట్టరాదా అని సారు మర్యాదకు చాచాను అడిగిండు. పెట్టాలని ఆయనకు ఎంత ఉండెనో నాకు ఎరుకే, వేళ్లు పెన్ను దిక్కు కదిలినయి. చట్టంల రెండే ఉన్నయి సార్, మూడోది వద్దు అని చేతులు వెనుకకు కట్టుకున్నడు.

పరీక్షల ఏం తేలాల్నో అదే తేలింది. నీళ్లు శుద్ధి చేసే తొట్లు కట్టకుంటే ఫ్యాక్టరీ నడవనియ్యం అని హుకుం వచ్చింది. నసుక్కుంట, ఆగుకుంట, చివరికి కట్టిండ్రు. ఫ్యాక్టరీ మూతపడలే, మా పిల్లల పని పోలే. రెండు వానకాలాలు గడిచినంక నీళ్లు తేటబడి నా బాయి అడుగున రాయి కనవడ్డది. నేను బొంబాయి బస్సు ఎక్కలే.

గాడికి ఆగితే అది వేరే మనిషి కథ అయితుండె.

తర్వాత కొన్నేండ్లకు అందరి లెక్కనే నేను గూడ పత్తి వేసిన. పత్తికి పురుగుమందు కొట్టుడే కొట్టుడు. ఒకనాడు పొద్దుగాల వాగుల స్ప్రే డబ్బా కడుగుతుంటే చాచా సైకిలు వచ్చి ఒడ్డుకు ఆగింది. ఒడ్డు మీద నాలుగు ఖాళీ మందు డబ్బాలు, నీళ్లల్ల రెండు. ఆయన చెప్పులు విడిచి నీళ్లల్లకు దిగి, గా రెండు తీసి ఒడ్డున పెట్టిండు. సంచిల వేసుకోకుండనే పోయిండు. డబ్బా చూసి సంచిల వెయ్యకుండ పోయిన చాచాను నేను అదివరకు చూడలే. అప్పుడే నాకు అనుమానం రావాల్సి ఉండె.

నాలుగో నాడు నా పేరు మీద రిజిస్ట్రీ ఉత్తరం వచ్చింది. బతుకుల మొదటిది. విప్పి చూస్తే చాచా రాత. ఫలానా ఊరి ఫలానా వ్యక్తి వాగుల విషం కలుపుతుండగ తాను కండ్లార చూసినట్టు, అరవై రోజుల్ల మానుకోకుంటే బోర్డుకు రాసేటట్టు, స్నేహాన్ని బట్టి నకలు ముందుగ పంపినట్టు రాసి, కింద దస్కతు పెట్టిండు.

సైకిలు ఎక్కి ఎట్ల పోయిన్నో నాకు తెల్వదు. కొట్టంల నిలబడి అరిచిన. ఎవని బాయి కోసం గదంత నడిచింది, నోటీసు మీద మొదటి దస్కతు ఎవనిది, నాకే నోటీసా అన్న. చాచా కాయితాలు తూకం వేసుకుంటనే విన్నడు. అయిందా అన్నట్టు తలెత్తిండు.

“ఏ మనిషీ వాగుల విషం కలపొద్దు అని రాసి ఉన్నది బేటా. ఫ్యాక్టరోడు కలపొద్దు అని లేదు. దోస్తులకు వేరే పేజీ ఉన్నదేమో అని మొత్తం తిరగేసిన. ఉంటే దాన్ని చింపి పుట్నాల పొట్లం కట్టేటోణ్ని.”

చాయ తెప్పిచ్చిండు. నేను తాగలే. తర్వాత తాగిన.

నెల దినాల తర్వాత నేనే కబురు పెట్టిన. చాచా మేకు, సుత్తె పట్టుకొని వచ్చిండు. మందు డబ్బాలకు అడుగున, పక్కలకు బొక్కలు కొట్టాలె, లేకుంటే ఎవరో ఒకరు కడిగి తాగే నీళ్లకు పెట్టుకుంటరు అన్నడు. వాగుకు, బాయికి దూరంగ మెట్ట మీద గడ్డపారతోని గుంత తవ్వినం. ఎదురెదురు కూసొని ఒకరి తర్వాత ఒకరం డబ్బాలు కొడ్తుంటే గా చప్పుడుకు మా అమ్మ ఇంటి నుంచి నడిచి వచ్చి, ఎవరి పెండ్లి డప్పురా గిది అని అడిగింది. చాచా ఒక డబ్బాను తొడ మీద పెట్టుకొని ఆమె కోసం నిజంగనే దరువు వేసిండు.

గా వారమే నేను వాగు పొడుగున నడిచి చూసిన. ఎవరి డబ్బాలు ఏడ పడి ఉన్నయో రాసుకున్న. ఇంటికొచ్చి కూసొని, తప్పులు పోకుండ, మొదటి నోటీసు రాసిన. మా అన్నకు. రిజిస్ట్రీ చేసిన. ఆయన నెలన్నర నాతోని మాట్లాడలే, ఎదురొస్తె బాట మారిండు. ఒకనాడు పొద్దుగాల వాకిట్ల ఏదో దబ్బున పడ్డ చప్పుడైతే బయటికొచ్చిన. గంప నిండ ఖాళీ డబ్బాలు. పక్కన మా అన్న, నా మొఖం చూడకుండ, గడ్డపార ఏడున్నదిరా అని అడిగిండు.